లక్క ఆరేదాకా

లిస్బన్‌లో విదేశాంగ శాఖ కొలువున్న గులాబీరంగు భవనం పేరు
మన మాటల్లో చెప్పాలంటే, అవసరాల మేడ.
ఎవరు పెట్టారో గానీ
అంత నిజం పలికే పేరు ఆ వీధిలో ఇంకోటి లేదు.

కింది అంతస్తులో, మెట్ల చాటు గదిలో
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎర్మెలిండా
దేశాలకు దేశాలను కుడుతోంది.
చివరి పేజీ మీద రిబ్బను,
రిబ్బను మీద లక్క,
లక్క మీద ముద్ర.
కుడి బొటనవేలి మీద కాలిన మచ్చ.
ఏ ఒప్పందం నాటిదని అడిగాను.
"ఆ దేశమే ఇప్పుడు లేదు" అంది
కాఫీలో చక్కెర కలుపుతూ.

లక్కతో ఇల్లు కట్టి నిప్పు పెట్టిన కథ మనది.
ఆమెకది తెలియదు.
తెలిస్తే అనేది కాబోలు:
లక్కదేం తప్పు, మంట ఎక్కడ ఆపాలో తెలియాలి గానీ.

పూర్వం ఒక దేశం కోపం ఇంకో దేశానికి
సంచిలో వెళ్ళేది.
ఆమె తండ్రి అడెరీతో మణికట్టుకు గొలుసు వేసి కట్టిన సంచి,
ఓడలో పదకొండు రోజులు.
చేరేసరికి సగం చల్లారేది.
ఒకసారి బెదిరింపు ఉత్తరం ఒకటి
అందుకోవాల్సిన మంత్రి ఈలోగా పదవి ఊడి ఇంటికి పోవడంతో
విప్పకుండానే తిరిగొచ్చింది.
"మా నాన్న చేసిన రాయబారాల్లోకెల్లా గొప్పది అదే" అంటుంది.

చల్లారడమే ధర్మమని నేననను.
అదే సంచిలో, అదే లక్క కింద
సముద్రాల అవతల ఊళ్ళకు ఊళ్ళు
అక్కడి మనుషులకు తెలియకుండా చేతులు మారాయి.
ముద్ర కింద పడ్డ ఊరికి నోరుండదు.
ఎర్మెలిండా ఈ మాట విని చాలాసేపు
మచ్చను గిల్లుకుంటూ కూర్చుంది.

సార్డీన్ చేపల ఒప్పందం నాడు
రిబ్బను కురచపడింది.
తొమ్మిది నెలలు తగువులాడిన ఇద్దరు,
ఇటు సెకైరా, అటు అవతలి ఒడ్డు నుంచి బెంజెల్లూన్,
చెరో కొసా వేళ్ళతో బిగించి పట్టుకోవాల్సి వచ్చింది.
"కదలకండి" అంది. "నాలుగు నిమిషాలు."
ఆ తొమ్మిది నెలల్లో వాళ్ళిద్దరూ కలిసి విన్న మాట
అదొక్కటే.

మొదటి నిమిషం లక్కనే చూశారు.
రెండో నిమిషంలో సెకైరా తుమ్మాడు,
కొస వదలకుండా.
కాసేపటికి బెంజెల్లూన్, ఎవరితోనూ కాదన్నట్టు,
"మా నాన్న వల అల్లుతూ
కొస ఇలాగే నా చేతికిచ్చేవాడు" అన్నాడు.
"తెగిందా ఎప్పుడైనా?"
"వలా? రోజూ."
నాలుగో నిమిషం దాటింది.
లక్క రాయయింది.
ఇద్దరూ ఇంకా పట్టుకునే ఉన్నారు.

సంధి అన్న మాట మనకు వ్యాకరణంలోనూ ఉంది.
రెండు పదాలు కలిసే చోట
ఎవరిదో ఒక అచ్చు పోతుంది.
పోయిన అచ్చు ఏమవుతుందని
చిన్నప్పుడు అడిగి చీవాట్లు తిన్నాను.
అవతలివాడి నోట్లో ఉంటుందని
ఇప్పుడనిపిస్తోంది.

ఇప్పుడు సంతకం తెర మీద వేలితో గీస్తారు.
మంత్రి మేలుకునే లోపే
ఆయన దేశం కోపం ఫోన్లన్నిటికీ పాకిపోతుంది.
చల్లారడానికి ఓడా లేదు, పదకొండు రోజులూ లేవు.
పోయిన శీతాకాలం, అర్ధరాత్రి దాటాక,
తెర మీద పన్నెండు మొహాలు.
ఒకాయన మైకు మూసి ఉంది,
పెదాలు మాత్రం కదులుతున్నాయి.
అది మూసి ఉందని ఆయనకు చెప్పడానికి
ఎవరికీ మనసొప్పలేదు.

కుర్ర అధికారి తెల్మో మెట్లు దిగి వచ్చాడు,
టై జేబులో కుక్కుకుని.
"ముడిపడింది. మీ కాలంలో ఏం చేసేవారు?"

ఎర్మెలిండా సొరుగు లాగింది.
దారపు ఉండలు, విరిగిన లక్క కడ్డీలు,
వాటి అడుగున
జానెడు రిబ్బను ముక్క, రెండు రంగులది.

ఆ రోజు రిబ్బను కురచపడలేదు.
తనే కత్తిరించింది.